రోత్కో మీద సొంత లైబ్రరీ: ఏ పుస్తకం ముందు, ఏది తర్వాత?

రంగులపెట్టె

నమస్తే అండీ. అమెరికన్ చిత్రకారుడు మార్క్ రోత్కో ఒక్కరి మీదే ఇంట్లో చిన్న లైబ్రరీ కూర్చుకోవాలని ఉంది. ఒక కవిని ఇష్టపడితే ఆయన రాసిందీ, ఆయన మీద వచ్చిందీ అంతా పోగుచేస్తాం కదా, అలాగే. ప్రస్తుతం ఉన్నది టాషెన్ వాళ్లు వేసిన జేకబ్ బాల్-టెషూవా పుస్తకం ఒక్కటే. నెలకు 4 వేల రూపాయల చొప్పున రెండేళ్లు పెట్టగలను. జాగా అంటే 90 సెంటీమీటర్ల అరలు రెండు. ఊరు విశాఖ, సముద్రం దగ్గర్లోనే.

నాలుగు సంగతులు తెలియాలి. ఏ క్రమంలో కొనాలి? ఒకే బొమ్మ ఒక పుస్తకంలో నారింజగా, ఇంకోదాంట్లో ఇటుక రంగులో ఉంటోంది, దేన్ని నమ్మాలి? పాత కాపీలు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? ఉప్పుగాలికీ చెమ్మకూ ఈ పుస్తకాలను కాపాడుకునేదెలా?

కేటలాగు_చీటీ

రోత్కో మీద వచ్చిన పుస్తకాల్లో చాలావాటిలో పేరున్న ఆ కొద్ది బొమ్మలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అట్ట చూసి కొంటూ పోతే అరలు నిండుతాయి తప్ప కొత్తగా తెలిసేది ఉండదు. కొనబోయే ప్రతి పుస్తకం గురించీ ఒక్కటే అడగండి: ఇది చేసే పని, ఇప్పటికే నా దగ్గరున్నవాటిలో ఏదైనా చేస్తోందా? చేస్తుంటే వదిలేయండి.

మొదట కొనాల్సింది బొమ్మల పుస్తకం కాదు, జీవిత చరిత్ర. జేమ్స్ బ్రెస్లిన్ రాసిన 'మార్క్ రోత్కో: ఎ బయోగ్రఫీ', చికాగో యూనివర్సిటీ ప్రెస్, 1993. 1903లో ద్విన్‌స్క్‌లో (ఇప్పటి లాత్వియాలోని దౌగవ్‌పిల్స్) పుట్టడం, పదేళ్ల వయసులో పోర్ట్‌లాండ్ చేరడం, యేల్ యూనివర్సిటీలో చేరి మధ్యలో మానేయడం, 1940లో మార్కస్ రోత్కోవిట్జ్ కాస్తా మార్క్ రోత్కో కావడం, అన్నీ ఆధారాలతో ఉంటాయి. అసలు సొత్తు చివర ఉన్న నోట్సులో ఉంది. ఏ మాట ఎవరు చెప్పారు, ఏ ఉత్తరంలో ఉంది అన్నది అక్కడే దొరుకుతుంది. ఆర్కైవ్స్ ఆఫ్ అమెరికన్ ఆర్ట్ వాళ్లు 1980ల మొదట్లో రోత్కోను ఎరిగినవాళ్లతో చేసిన ఇంటర్వ్యూలు నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. బ్రెస్లిన్‌ను చదువుతూ పక్కన వాటిని తెరిచి పెట్టుకోండి.

తర్వాత ఆయన సొంత మాటలు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 'ది ఆర్టిస్ట్స్ రియాలిటీ' (యేల్, 2004) పేరు చూసి, ఆయనకు పేరు తెచ్చిన, మెత్తటి అంచులున్న ఆ రంగు దీర్ఘచతురస్రాల రహస్యం ఇందులో ఉంటుందనుకుంటారు. అది 1940 ప్రాంతంలో రాసి పక్కన పెట్టేసిన రాతప్రతి. 1988లో బయటపడితే కొడుకు క్రిస్టఫర్ రోత్కో సంపాదకత్వంలో అచ్చయింది. దీర్ఘచతురస్రాలు స్థిరపడింది 1949లో. అంటే ఆ బొమ్మలు పుట్టకముందు, తన బొమ్మల ప్రస్తావనే లేకుండా, కళ అంటే ఏమిటని ఆలోచించిన పుస్తకమిది. విలువైనదే, కానీ రెండో ఏడాది కొన్నా చాలు. ముందు కావాల్సింది మిగెల్ లోపెజ్-రెమీరో కూర్చిన 'రైటింగ్స్ ఆన్ ఆర్ట్' (యేల్, 2006). 1930లలో పిల్లలకు బొమ్మలు నేర్పుతూ రాసుకున్న నోటుపుస్తకం, స్నేహితులకు రాసిన ఉత్తరాలు, 1958లో ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో చేసిన ప్రసంగం ఇందులో ఉన్నాయి. కళాకృతికి కావాల్సిన దినుసులంటూ మృత్యుస్పృహతో మొదలుపెట్టి ఆశతో ముగించిన పట్టీ ఆ ప్రసంగంలోనిదే. సన్నటి పుస్తకం, పదే పదే తీయాల్సి వస్తుంది.

మూడోది ప్రదర్శన కేటలాగ్. ఒక్కటే కొనాలంటే 1998లో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ప్రదర్శనకు జెఫ్రీ వైస్ సంపాదకత్వంలో వచ్చినది కొనండి. రంగు గురించి జాన్ గేజ్, బొమ్మల పైపొర గురించి పరిరక్షకురాలు కెరల్ మన్‌కూసి-ఉంగారో రాసిన వ్యాసాలున్నాయి. గెర్హార్డ్ రిక్టర్, ఎల్స్‌వర్త్ కెల్లీ, రాబర్ట్ రైమన్ లాంటి చిత్రకారులతో సంభాషణలున్నాయి. చిత్రకారుడి కన్ను ఎక్కడ ఆగుతుందో విమర్శకుడి వ్యాసం కన్నా ఆ సంభాషణల్లోనే బాగా తెలుస్తుంది.

డబ్బు పెట్టకుండా దొరికేవీ ఉన్నాయి. 1961లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ప్రదర్శనకు పీటర్ సెల్జ్ రాసిన చిన్న కేటలాగ్ ఆ మ్యూజియం సైటులోనే పీడీఎఫ్‌గా ఉంది. 1978 గుగెన్‌హైమ్ ప్రదర్శన కేటలాగ్ (డయాన్ వాల్డ్‌మన్) ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది. వీటి కాగితం కాపీలకు ఇప్పుడే పరుగెత్తకండి. ముందు తెర మీద చదివి, నిజంగా మళ్లీ మళ్లీ తెరుస్తున్నారా అని చూసుకోండి.

ఆ పైన గదుల పుస్తకాలు, అంటే ఫలానా గది కోసమే వేసిన బొమ్మల మీద వచ్చినవి. హ్యూస్టన్‌లో ఆయన బొమ్మలతో కట్టిన ప్రార్థనా మందిరానికి (చాపెల్) షెల్డన్ నోడెల్‌మన్ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ప్రెస్, 1997), న్యూయార్క్ సీగ్రమ్ భవనంలోని రెస్టారెంటు కోసం వేసిన సీగ్రమ్ బొమ్మలకు 2008 లండన్ టేట్ మోడర్న్ కేటలాగ్ (అకిమ్ బోర్‌ఖార్ట్-హ్యూమ్). చాపెల్ పుస్తకంతో మాత్రం మొదలుపెట్టకండి. ఆ 14 బొమ్మలూ అచ్చులో నల్లటి పలకల్లా కనిపిస్తాయి. 1950ల బొమ్మలతో బాగా పరిచయం అయ్యాక చూస్తేనే ఆ నలుపులో ఊదా, ఎరుపు ఎందుకు వెతకాలో తెలుస్తుంది.

సిద్ధాంత గ్రంథాల్లో యానా చేవ్ (యేల్, 1989) చదవాల్సినది. ఆ దీర్ఘచతురస్రాల అమరికలో పాత క్రైస్తవ చిత్రాల ఆనవాళ్లు, అంటే తల్లీబిడ్డ, సమాధి చేయడం లాంటి దృశ్యాల చట్రం, దాగి ఉందని ఆమె వాదన. ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. ఒప్పుకోకపోయినా ఆ వాదన విన్నాక బొమ్మను చూసే తీరు మారుతుంది. ఆయన పోయాక నడిచిన కోర్టు వ్యవహారానికి లీ సెల్డిస్ పుస్తకం సరిపోతుంది. 798 బొమ్మల చుట్టూ తిరిగిన వ్యాజ్యం అది. బొమ్మల మీదే ఆసక్తి అయితే దాన్ని చివరికి నెట్టేయొచ్చు.

డేవిడ్ ఆన్‌ఫమ్ కేటలాగ్ రెజొనే (రోత్కో కాన్వాస్ బొమ్మల సమగ్ర జాబితా గ్రంథం) మీ బడ్జెట్‌లో కొన్ని నెలల మొత్తాన్ని ఒక్కటే మింగేస్తుంది. రెండేళ్ల చివర చూసుకోండి.

పుటసంఖ్య

పైన చెప్పిన క్రమమంతా బాగుంది, ఆఖరి మాట తప్ప. ఆన్‌ఫమ్ చివర కొనేది కాదు. బ్రెస్లిన్, 'రైటింగ్స్ ఆన్ ఆర్ట్' రెండూ కొన్నాక ఆరేడు నెలలు డబ్బు పోగేసి అదే కొనండి.

ఎందుకంటే రోత్కో బొమ్మలకు పేర్లు నమ్మదగ్గవి కావు. 1940ల చివర్లోనే ఆయన పేర్లు పెట్టడం దాదాపు మానేశారు. ఉంటే నంబరు, లేకపోతే 'అన్‌టైటిల్డ్'. ఆ నంబర్లు కూడా జీవితమంతా వరసగా సాగినవి కావు, అవే నంబర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. రంగుల పేర్లు చాలావరకు గుర్తుపట్టడానికి తగిలించినవి. లాస్ ఏంజెలెస్ మ్యూజియం ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్‌లో ఉన్న 1953 బొమ్మనే తీసుకోండి. ఒక పుస్తకంలో 'నంబర్ 61', ఒకదాంట్లో 'రస్ట్ అండ్ బ్లూ', ఇంకోదాంట్లో 'బ్రౌన్, బ్లూ, బ్రౌన్ ఆన్ బ్లూ'. మూడూ ఒకటే. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 'నంబర్ 3/నంబర్ 13', 'నంబర్ 5/నంబర్ 22' అని జంట సంఖ్యలతోనే ఉన్నాయి. అయిదు పుస్తకాలు దాటేసరికి మీ నోట్సులో ఏ వాక్యం ఏ బొమ్మ గురించో మీకే అంతుపట్టదు.

ఆన్‌ఫమ్ గ్రంథం 'ది వర్క్స్ ఆన్ కాన్వాస్' (యేల్, నేషనల్ గ్యాలరీ, 1998) కాన్వాస్ మీదా, చెక్క పలకల మీదా వేసిన 836 బొమ్మలకూ ఒక్కొక్క నంబరు ఇచ్చింది. ఎంత పరిమాణం, ఎవరి దగ్గర ఉంది, ఏ ప్రదర్శనల్లో పెట్టారు, వెనకవైపు ఏం రాసి ఉంది అన్నీ ఆ నంబరు కింద ఉంటాయి. వేలం కంపెనీలూ మ్యూజియంలూ ఇప్పుడు ఈ నంబరునే ఉదహరిస్తాయి. మీ లైబ్రరీకి వెన్నెముక ఇదే. ముందు కొంటే మిగతా పుస్తకాలు దాని మీద అమరుతాయి. చివర కొంటే రెండేళ్ల నోట్సు మళ్లీ రాసుకోవాలి.

కొనేదాకా ఏం చేయాలంటే, ఒక స్ప్రెడ్‌షీటు తెరవండి. బొమ్మకో వరస. గడులు ఇవి: ఆన్‌ఫమ్ నంబరు (ప్రస్తుతానికి ఖాళీ), సంవత్సరం, కనిపించిన పేర్లన్నీ, ఎత్తు, వెడల్పు, ఏ మ్యూజియం, అక్కడి నమోదు సంఖ్య, మీ పుస్తకాల్లో ఎక్కడుంది (పుస్తకానికి ఒక పొట్టి గుర్తు, పక్కన పుట), అచ్చు రంగు మీద ఒక మాట. ఆన్‌ఫమ్ చేతికొచ్చే వరకు బొమ్మను గుర్తుపట్టేది సంవత్సరమూ పరిమాణమే. పరిమాణం సెంటీమీటర్లలోనే, ఎత్తు ముందు రాయండి. అమెరికన్ పుస్తకాల్లో అంగుళాలు ముందుంటాయి. పైన చెప్పిన 1953 బొమ్మ 115¾ × 91¼ అంగుళాలు, అంటే సుమారు 294 × 232 సెంటీమీటర్లు. 115ను సెంటీమీటర్లు అనుకుంటే మనిషిని మించిన బొమ్మ కాస్తా కిటికీ అంత అయిపోతుంది. ఈ పొరపాటు నెట్‌లో తరచూ కనిపిస్తుంది.

ఆ గ్రంథంలో లేనిదేమిటో కూడా తెలుసుకుని కొనండి. కాగితం మీద వేసినవి అందులో లేవు. రోత్కో విషయంలో అది చిన్న లోటు కాదు. 1968లో మహాధమనికి జబ్బు చేశాక, 40 అంగుళాలకు మించి ఎత్తున్న బొమ్మలు వేయొద్దని డాక్టర్లు చెప్పారు. ఆ తర్వాత ఆయన వేసినవాటిలో ఎక్కువ భాగం కాగితం మీద యాక్రిలిక్ బొమ్మలే. ఆన్‌ఫమ్ ఒక్కటే చూస్తే చివరి రెండేళ్లు సగం ఖాళీగా కనిపిస్తాయి. దానికి జోడీ 2023లో నేషనల్ గ్యాలరీ ప్రదర్శనతో వచ్చిన ఆడమ్ గ్రీన్‌హాల్ష్ పుస్తకం 'పెయింటింగ్స్ ఆన్ పేపర్'. బానీ క్లియర్‌వాటర్ 1984 పుస్తకం పాతదైనా మంచిదే, కానీ రెండూ అక్కర్లేదు. కాగితం బొమ్మల జాబితాను నేషనల్ గ్యాలరీ ఆన్‌లైన్‌లో పెట్టింది కాబట్టి నంబర్ల కోసమైతే డబ్బు పెట్టాల్సిన పని లేదు.

కేటలాగు_చీటీ

పుటసంఖ్య గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ధర చూసి చివరికి నెట్టాను, నోట్సు మళ్లీ రాసుకోవాల్సి వస్తుందన్నది ఆలోచించలేదు. దాన్ని మూడో స్థానంలోకి తెచ్చి, వైస్ కేటలాగ్‌ను నాలుగుకు జరపండి.

సిరా_చుక్క

రంగు ప్రశ్నకు జవాబు కాస్త పొడుగు. ముందుగా తేల్చుకోవాల్సింది, అచ్చులో ఏదీ 'సరైన' రంగు కాదు. ఒక్కో అచ్చూ ఒక్కోచోట తప్పుతుంది, ఎక్కడ తప్పిందో తెలిస్తే దాన్ని వాడుకోవచ్చు.

రోత్కో రంగు పలచటి పొరల్లో ఉంటుంది. పొర మీద పొర వేయడం వల్ల వెలుతురు లోపలికి పోయి కింది రంగును తాకి తిరిగొస్తుంది. ప్రెస్సులో ఉన్నవి నాలుగు సిరాల చుక్కలు. రెండుచోట్ల అది ఓడిపోతుంది. ఒకటి, మండే నారింజ, కొన్ని ఎరుపులు ఆ నాలుగు సిరాల కలయికకు అందవు, అందుకే మీకు ఇటుక రంగు కనిపించింది. రెండోది, ముదురు రంగుల్లో చుక్క కాగితం మీద పరుచుకుని పక్క చుక్కతో కలిసిపోతుంది. ప్రెస్సువాళ్లు డాట్ గెయిన్ అనేది దీన్నే. వంకాయ రంగు, నల్లద్రాక్ష రంగు, నలుపు మూడూ ఒకే ముద్ద అయిపోతాయి. సీగ్రమ్ బొమ్మలు, చాపెల్ బొమ్మలు అచ్చులో చచ్చిపోయేది ఇందుకే. పైగా చివరి దశ బొమ్మల్లో ఒక భాగం మెరుపుతో, పక్క భాగం మెరుపు లేకుండా ఉంటుంది. రంగు దాదాపు ఒకటే, తేడా మెరుపులో. కెమెరా ముందు ఆ తేడా నిలవదు. దాన్ని తెలుసుకోవాలంటే బొమ్మ కాదు, వ్యాసమే చదవాలి. 2008 టేట్ కేటలాగ్‌లో పరిరక్షకుల వ్యాసం ఉంది: గుడ్డు, డామర్ రెసిన్ (ఒక చెట్టు బంక), నూనె, జిగురులో కలిపిన రంగు ఏ పొరలో ఏది పడిందో రాశారు.

ఇక చేతిలో పుస్తకంతో చేసే పరీక్షలు.

రెండు పుస్తకాల్లో ఒకే బొమ్మ తెరిచి పక్కపక్కన పెట్టండి. ట్యూబులైటు కింద కాదు, పగలు, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర. రాత్రే చూడాలంటే 5000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగుల్ని ఉన్నదున్నట్టు చూపే కొలత) 90 దాటిన బల్బు పెట్టుకోండి. ముందు అంచులు చూడండి. దీర్ఘచతురస్రం చుట్టూ ఉన్న సన్నటి పట్టీ నాలుగు వైపులా కనిపిస్తోందా? రంగు కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదు కానీ ఆ అంచు పోతే బొమ్మే పోతుంది. దీర్ఘచతురస్రం గాల్లో తేలుతున్నట్టు అనిపించేది ఆ పట్టీ వల్లే.

అంచు కత్తిరించారో లేదో లెక్కగట్టి తేల్చొచ్చు. ఎత్తును వెడల్పుతో భాగించండి. 294, 232 తీసుకుంటే 1.27 వస్తుంది. పుస్తకంలో ఆ బొమ్మ ఎత్తు 20 సెంటీమీటర్లుంటే వెడల్పు 15.8 దగ్గర ఉండాలి. 15.2 ఉంటే పక్కలు కోశారన్నమాట. స్కేలు పెడితే అర నిమిషంలో తేలుతుంది. షాపులో నిలబడే చేయొచ్చు.

10 రెట్లు చూపించే భూతద్దం ఒకటి కొనండి. లేత రంగు ముదురు రంగును తాకే చోట పెట్టి చూడండి. చుక్కలు గులాబీ పువ్వు ఆకారంలో శుభ్రంగా కూర్చుని ఉంటే మంచి అచ్చు. ఒక సిరా పక్కకు జరిగి రంగు గీతలా కనిపిస్తే రిజిస్ట్రేషన్ తప్పింది. రోత్కో అంచులు మసకగా ఉంటాయి కాబట్టి ఈ తప్పు మామూలు కంటికి తెలియదు, అదే ఆయన తీరేమో అనుకుని మోసపోతాం.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. తేడా కొన్నిసార్లు అచ్చుది కాదు, బొమ్మదే. హార్వర్డ్ కోసం 1960ల మొదట్లో వేసిన కుడ్యచిత్రాల్లో లిథాల్ రెడ్ అనే ఎరుపు వాడారు. అది వెలుతురుకు నిలవదు. పెద్ద కిటికీలున్న భోజనాల గదిలో వేలాడదీస్తే కొన్నేళ్లలోనే ముదురెరుపు కాస్తా వెలిసిన నీలంలోకి దిగిపోయింది. 1979 నాటికి దించేశారు. 2014లో హార్వర్డ్ వాళ్లు వాటిని మళ్లీ ప్రదర్శించినప్పుడు పాత రంగును ప్రొజెక్టరు వెలుతురుతో బొమ్మ మీద వేశారు. ఏ చుక్క దగ్గర ఎంత రంగు కలపాలో లెక్కగట్టడానికి 1964 నాటి ఎక్టాక్రోమ్ (రంగుల ఫిల్ము) ఫొటోలు వాడదామంటే ఆ ఫిల్ములు కూడా వెలిసిపోయాయి. గోడకు ఎక్కకుండా మిగిలిపోయిన ఆరో బొమ్మను ఆధారం చేసుకుని ముందు ఆ ఫొటోలను బాగుచేయాల్సి వచ్చింది. కాబట్టి హార్వర్డ్ బొమ్మలు ఏ పుస్తకంలో కనిపించినా, ఫొటో ఎప్పుడు తీశారన్నది వెతికి మీ షీటులో రాసుకోండి. టేట్‌లో ఉన్న 'బ్లాక్ ఆన్ మెరూన్' మీద 2012 అక్టోబరులో ఒకడు ఇంకుతో గీశాడు, బాగుచేసి 2014లో మళ్లీ పెట్టారు. దానికీ ఫొటో సంవత్సరం ముఖ్యమే.

చివరగా పరిమాణం. పుటలో 20 సెంటీమీటర్లున్నది అసలు దాదాపు మూడు మీటర్లు, అంటే 15వ వంతుకు కుదించింది. గోడ మీద సుద్దముక్కతో 294 × 232 గీత గీసి, పుస్తకం చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడండి. ఏ అచ్చూ ఇవ్వలేనిది ఆ ఖాళీ గీత ఇస్తుంది.

రంగులపెట్టె

చాలా సంతోషం అండీ, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. ఆన్‌ఫమ్ పాత కాపీ ఒకటి విదేశంలో ఒక అమ్మకందారు దగ్గర తక్కువకు కనిపిస్తోంది. 'ఎక్స్-లైబ్రరీ, గుడ్' అని రాశారు. తీసుకోవచ్చా? వైస్ కేటలాగ్ గట్టి అట్టదీ మెత్తటి అట్టదీ రెండూ ఉన్నాయి, తేడా ధరలోనేనా?

పాతపుస్తకాలవీధి

'ఎక్స్-లైబ్రరీ' అంటే గ్రంథాలయం తీసేసిన కాపీ. ముద్రలు, వెన్ను మీద నంబరు చీటీ, జాకెట్‌ను (అట్ట మీది విడి కాగితపు తొడుగును) అట్టకు అతికించిన టేపు, వెనక కార్డు జేబు ఉంటాయి. చదువుకోవడానికైతే ఇవేవీ అడ్డు కాదు. భయపడాల్సింది వేరే ఉంది: బ్లేడుతో కోసుకుపోయిన పుటలు. రోత్కో పుటల్ని ఫ్రేములు కట్టించుకునేవాళ్లు ఎక్కువ. అందుకే 'పుటలన్నీ లెక్క చూశారా' అని రాతపూర్వకంగా అడగండి. చూడలేదంటే కొనకండి.

డబ్బు కట్టే ముందు ఈ ఫొటోలు అడగండి: పేరు పుట, దాని వెనకవైపు (ప్రచురణ వివరాలు, ఎన్నో ముద్రణో అక్కడే ఉంటుంది), వెన్ను పైకొస, కింది కొస, పుస్తకాన్ని మూసి పై నుంచి తీసినది, మధ్యకు తెరిచి నడిమి మడత కనిపించేలా తీసినది. పై నుంచి తీసిన ఫొటోలో పుటల దొంతర వెన్ను నుంచి ముందుకు వంగి కనిపిస్తే, కుట్టు వదులైనట్టు. ఆన్‌ఫమ్ లాంటి బరువు పుస్తకాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టి ఉంచితే దొంతర తన బరువుకు తానే కిందికి జారి, అట్టతో కలిసే కీలు దగ్గర చిరుగుతుంది. బాగుచేయించొచ్చు కానీ తక్కువకు దొరికిందన్న లాభం అక్కడే పోతుంది. ముద్రలు ఉండి కీలు గట్టిగా ఉన్న కాపీ, ముద్రలు లేకుండా కీలు చిరిగిన కాపీ కన్నా వెయ్యి రెట్లు మేలు.

పుటలు అతుక్కున్నాయా, వాన నీటి మరకలున్నాయా, వాసన వస్తోందా అని కూడా అడగాలి. బూజు వాసన ఉన్న పుస్తకం ఉచితంగా ఇచ్చినా వద్దు, మిగతా అరకు అంటిస్తుంది.

గట్టి అట్ట, మెత్తటి అట్ట సంగతి: అసలు తేడా అట్టలో కాదు, బైండింగులో. మెత్తటి అట్ట కేటలాగ్‌లు చాలావాటికి గమ్ బైండింగే ఉంటుంది. బరువైన ఆర్ట్ పేపర్‌ను గమ్ పట్టుకోలేదు, పదేళ్లకు పుటలు ఊడి చేతికొస్తాయి. పుస్తకాన్ని పై నుంచి చూస్తే కుట్టినదైతే చిన్న చిన్న మడతల గుత్తులు వరసగా కనిపిస్తాయి, గమ్ అయితే నిటారుగా ఒకే గీత. రెండు పుటల మీద పరిచిన బొమ్మలు గమ్ బైండింగులో మడతలోకి మునిగిపోతాయి కూడా. చదివే పుస్తకాలు (బ్రెస్లిన్, 'రైటింగ్స్') మెత్తటి అట్టవే కొనండి. చూసే పుస్తకాలు కుట్టు ఉన్నవే కొనండి.

ఐఎస్‌బీఎన్ గట్టి అట్టకు ఒకటి, మెత్తటి అట్టకు ఒకటి ఉంటుంది. అమ్మకందారు పెట్టిన ఫొటో ఒకదానిదీ నంబరు ఇంకోదానిదీ కావడం మామూలు. యూరప్ ప్రదర్శనల కేటలాగ్‌లు ఒకే అట్టతో రెండు మూడు భాషల్లో వస్తాయి. ఇంగ్లిష్ ముద్రణేనా అని అడగకపోతే జర్మన్ పుస్తకం ఇంటికొస్తుంది.

దిగుమతి పుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం కస్టమ్స్ సుంకం పెట్టారు. పుస్తకం ధర కన్నా రవాణా ఖర్చే ఎక్కువ బాధిస్తుంది కాబట్టి బరువు ముందే కనుక్కోండి. మూలలు నలగకుండా రెండు పెట్టెల్లో, లోపల ప్లాస్టిక్ చుట్టి పంపమని చెప్పండి. జూన్ నుంచి నవంబరు దాకా ఆ ప్లాస్టిక్ లేకుండా తెప్పించకండి.

పొడికాగితం

విశాఖ కాబట్టి నిల్వ సంగతి వివరంగా చెప్పాలి. ఆర్ట్ పేపర్ మెరుపంతా దాని మీద పూసిన తెల్లమట్టి లాంటి పూతది. తడి తగిలితే ఆ పూత కరిగి జిగురవుతుంది, ఆరాక పుస్తకమంతా ఒకే ఇటుక. మామూలు నవల తడిస్తే ముడతలు పడి బతుకుతుంది, బొమ్మల పుస్తకం బతకదు. ఎప్పుడైనా తడిస్తే ఎండలో పెట్టకండి. ఆరకముందే, గంటల్లోనే, పుటల మధ్య బేకింగుకు వాడే సిలికాన్ పూత కాగితం పెట్టుకుంటూ పోవాలి. అంత సమయం లేకపోతే పాలిథిన్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయండి. గడ్డకట్టిన పుస్తకం ఆగుతుంది, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

గదిలో గాలి తేమ 45 నుంచి 55 శాతం ఉంటే నిశ్చింత. 65 దాటి నిలిచిపోతే బూజు మొదలవుతుంది. విశాఖలో వానాకాలం 80 మామూలే. ముందు తేమ కొలిచే హైగ్రోమీటర్ కొని అర లోపల పెట్టండి, హాల్లో కాదు. తలుపులున్న బీరువా అయితే సిలికా జెల్ పనికొస్తుంది: మామూలు బీరువాకు అర కిలో నుంచి కిలో దాకా, గుడ్డ సంచుల్లో. రంగు మారినప్పుడు 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. నీలం గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, నారింజవి తీసుకోండి. తెరిచి ఉన్న అరలో సిలికా జెల్ పెడితే ఊరి తేమనంతా పీల్చే ప్రయత్నం చేస్తుంది, దండగ. తెరిచిన అరలైతే డీహ్యూమిడిఫయరే దారి. ఏసీ రాత్రి వేసి పగలు ఆపడం మాత్రం మంచిది కాదు, తేమ పెరుగుతూ తగ్గుతూ ఉంటే అట్టలు వంకరపోతాయి.

అర బలం లెక్క చూసుకోండి. 30 సెంటీమీటర్ల ఎత్తు, 25 వెడల్పున్న ఆర్ట్ పేపర్ పుస్తకాలతో 90 సెంటీమీటర్ల అర నిండితే బరువు 60 కిలోలు దాటుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంత వెడల్పున మధ్యలో కుంగుతుంది. 45 దగ్గర నిలువు ఆధారం పెట్టించండి. బీరువా వెనక గోడకు 5 సెంటీమీటర్లు ఖాళీ, కింది అర నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తు. బయటి గోడకు, బాత్రూమ్ గోడకు ఆనించొద్దు.

ఆన్‌ఫమ్‌ను, అంత బరువున్న మరేదైనా పుస్తకాన్ని పడుకోబెట్టే ఉంచండి. ఒకదాని మీద ఒకటి మూడుకు మించొద్దు, పెద్దది కింద. చూసేటప్పుడు చేతుల్లో కాదు, బల్ల మీద, తెరిచిన అట్ట కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి. అట్ట 180 డిగ్రీలు వాలిపోకుండా ఆగుతుంది, కీలు బతుకుతుంది.

జాకెట్‌కు మన బడి పుస్తకాల అలవాటుతో ఖాకీ అట్ట వేయకండి, ఆ కాగితంలోని ఆమ్లం కొన్నేళ్లకు జాకెట్‌ను పసుపుపచ్చగా మారుస్తుంది. పీవీసీ కవర్లు వేడికి సిరాను పట్టుకుని అతుక్కుంటాయి. 50 మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్ము కొని, టేపు లేకుండా మడిచి వేయండి. లామినేషన్ అసలు వద్దు.

పురుగుల విషయం. వెండిపురుగు ఆర్ట్ పేపర్ పూతనూ జిగురునూ గీరి తింటుంది, చెమ్మ తగ్గిస్తే చాలావరకు అదే పోతుంది. నాఫ్తలీన్ ఉండలు వేయకండి, ఆ ఆవిరి మనకు మంచిది కాదు, ప్లాస్టిక్ కవర్లను మెత్తబరుస్తుంది కూడా. వేపాకు పుటల మధ్య పెట్టే అలవాటు మనవాళ్లకుంది, ఆర్ట్ పేపర్ మీద అది మరక వదులుతుంది. తాళపత్రాలకు నూనె రాసి కాపాడిన పద్ధతి తాళపత్రాలకే, కాగితానికి తగలనివ్వకండి. చెదల కోసం నెలకోసారి బీరువా కాళ్లు, వెనక పలక టార్చి వేసి చూడండి.

రంగులపెట్టె

ఎక్స్-లైబ్రరీ కాపీ అమ్మకందారుకు రాశాను. పుటలన్నీ ఉన్నాయట, కీలు ఫొటో పంపారు, గట్టిగానే ఉంది. వెన్ను మీది నంబరు చీటీ ఊడదీయొచ్చా?

పాతపుస్తకాలవీధి

ముందు అది జాకెట్ మీద ఉన్న పాలిథిన్ కవర్‌కు అంటించి ఉందా, గుడ్డ అట్టకే అంటించి ఉందా చూడండి. కవర్ మీదైతే కవర్‌తో పాటే పోతుంది. గుడ్డకైతే ముట్టుకోకండి. నీళ్లు, కిరోసిన్, హెయిర్ డ్రయర్ ఏది వాడినా గుడ్డ రంగు ఊడి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ చీటీ ఉన్నా పుస్తకానికి వచ్చే నష్టమేమీ లేదు.